గడప మన్ను

పూలకుండీలో నీళ్లు పోస్తే లేచిన మట్టి వాసనకు అమ్మ గుర్తొచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌లో మా ఊరిని తగలబెడితే సరిహద్దు దాటి పినపాక అడవిలోకి పారిపోయి వచ్చాం. అప్పటినుంచి నెలల తరబడి అమ్మ మాట్లాడలేదు. మాకు వైద్యం చూసే వడ్డె తాత చేటలో బియ్యపు గింజలు పరిచి చూశాడు.

"దీని పాణం ఊర్లనే ఉండిపోయింది. మీ గడప మన్ను నొసటికి పెడితేనే మల్ల వస్తది."

ఊరికి వెళ్లే ధైర్యం మామతో సహా ఎవరికీ లేదు. నేనే వాగు ఒడ్డున గుప్పెడు మన్ను తవ్వుకొచ్చాను.

"మామ పోయి తెచ్చిండమ్మా. మన గడపదే."

అమ్మ వాసన చూసింది. నా చేతులు తిప్పి చూసింది.

"అవ్ బిడ్డా, మనదే," అని నొసట రాసుకుంది.

మర్నాడు మళ్లీ మౌనమే. మన్ను చాలలేదనుకున్నాను.

ఇప్పుడు అర్థమవుతోంది: అమ్మ చేతులు తిప్పి చూసినప్పుడు నా గోళ్లలో వాగు తడి ఇంకా ఆరలేదు. అన్ని నెలల తర్వాత అమ్మ నోరు తెరిచింది, నా అబద్ధాన్ని నిలబెట్టడానికే.