నాలుగు రోజుల అబద్ధం

కుక్కను ఎవరు చూస్తారన్న ఒక్క మాట దగ్గర ఒక పెద్దావిడ ఆపరేషన్ పది రోజులు ఆగిపోయింది. షుగర్ వల్ల కాలి వేలొకటి నల్లబడింది. ఆ ఒక్క వేలూ తీసేస్తే పాదం దక్కుతుంది, ఆలస్యం చేస్తే పక్క వేళ్లకు పాకుతుందని డాక్టరు చెప్పాడు. ఆవిడ మాత్రం మామిడిపల్లి దాటాక ఒక వెంచర్‌లో, అమ్ముడుపోని ప్లాట్లకు కాపలా ఉన్నందుకు ఇచ్చిన ఒంటిగదిలో కూర్చుని, "దీన్ని ఇడ్సిపెట్టి నేను యాడికి రాను" అంది. జల్‌పల్లిలో కూతురుంది. కానీ ఆ కిరాయి ఇంటి ఓనరు కుక్కను గేటు లోపలికి రానివ్వడు.

అలా మా గ్రూపుకు ఫోనొచ్చింది. ఆస్పత్రిలో చేరేవాళ్లూ మంచం పట్టిన పెద్దవాళ్లూ పెంచుకునే జంతువుల్ని కొన్నాళ్లు మా ఇళ్లలో ఉంచుకుని చూసే గ్రూపు మాది. జీతం లేదు, సరే. మెచ్చుకోలు లేదు, అదీ సరే. కానీ ఈ పనిలో నా ఒళ్లు మండించేవి రెండున్నాయి. ఒకటి మా అపార్ట్‌మెంట్ సెక్రెటరీ. కుక్కను లిఫ్టులో ఎక్కించొద్దని ఎర్ర అక్షరాలతో కాగితం అంటించి, నేను నాలుగు అంతస్తులూ ఎక్కుతున్నానో లేదో తలుపు సందులోంచి చూసే మనిషి. రెండోది మా గ్రూపు ఫారం.

మంగళవారం పొద్దున ఎయిర్‌పోర్టులో నా డ్యూటీకి ముందు ఆ ఫారం పట్టుకుని వెంచర్‌కు వెళ్లాను. మొదటి గడి, పేరు. "దానికి పేరేంది? దా అంటే వస్తది" అంది ఆవిడ. రెండో గడి, జాతి. "కుక్క" అంది. 'ఏం తింటుంది' అన్న గడిలో నేనే 'అన్నం, పెరుగు' అని రాసేశాను.

"గట్ల గాదు బిడ్డా, జర ఇను. అది నేను తిన్నంక..." అని ఆవిడ ఏదో మొదలుపెట్టింది. పైనుంచి విమానం దిగుతూ ఆ మాటను మింగేసింది. నాకు టైమైపోతోంది. "అన్నీ రాసుకున్నానమ్మా, మీరేం దిగులు పెట్టుకోకండి" అని వేలిముద్ర వేయించుకుని, కుక్కను కారెక్కించాను. రెండు నిమిషాలు ఆగి వినడానికి నాకేం రోగమో ఇప్పటికీ తెలియదు.

కుక్క తినలేదు. కొత్త స్టీలు గిన్నెలో పెరుగన్నం పెట్టాను. వాసన చూసి తల తిప్పుకుంది. కోడి కాళ్లు ఉడకబెట్టాను. ప్యాకెట్ మేత, గుడ్డు, బ్రెడ్డు, పాలు పెట్టాను. నీళ్లు మాత్రం తాగేది, వెళ్లి తలుపు దగ్గర పడుకునేది. బుధవారం మా గ్రూపు నడిపే ఆవిడను అడిగితే, "సర్దుకుంటుంది. పేషెంటుకు మాత్రం చెప్పకండి, బీపీ పెరుగుతుంది" అంది. అది మా మొదటి రూలు, పేషెంటుకు మంచి కబురే చెప్పాలి.

పెద్దావిడేమో పూటకోసారి ఆస్పత్రి నుంచి ఫోను. "తిన్నదా బిడ్డా?" తిందమ్మా. "మొత్తం తిన్నదా?" మొత్తం తిందమ్మా. నాలుగు రోజులు ఇదే. ఫోను పెట్టేసి, తాకని గిన్నె ఎత్తి చెత్తబుట్టలో బోర్లించేదాన్ని. కుక్క మీద విసుగు, ఆవిడ మీద విసుగు, ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నానా అని నా మీద విసుగు.

షుగర్ దిగిందని శనివారం మధ్యాహ్నం ఆపరేషన్ పెట్టారు. పొద్దున్నే ఆవిడ ఫోను చేసింది. భయపడుతోందేమో, ధైర్యం చెబుదామని అబద్ధానికి ఇంకాస్త పాలిష్ పెట్టాను. "ఇప్పుడే పెరుగన్నం తిందమ్మా, గిన్నె నాకేసింది" అన్నాను.



"ఇయ్యాల శనివారం గద బిడ్డా."

"అవునమ్మా."

"శనివారం నేను ఒక్కపొద్దుంట. నాతోని అది గూడ ఉంటది. పొద్దుగూకినంక దీపం పెట్టి నేను తింటెనే అది తింటది. గిన్ని ఏండ్ల సంది శనివారం పొద్దుగాల ముద్ద ముట్టలె."

ఫోను పెట్టేసింది. చాదస్తం అనుకుని డ్యూటీకి వెళ్లిపోయాను. మధ్యాహ్నం కూతురు ఏడుస్తూ ఫోను చేసింది. "అక్కా, మా అమ్మ దవాఖానల లేదు."

మా ఇల్లు ఆవిడకు తెలియదు, తన గదికే వెళ్లి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. సెలవు పెట్టి, ఇంటికెళ్లి కుక్కను కారులో వేసుకుని వెంచర్‌కు పోయేసరికి పొద్దు వాలుతోంది. ఆవిడ గడప మీద కూర్చుని ఉంది. సెలైన్ సూది ఇంకా చేతికే ఉంది, కట్టు కట్టిన కాలు దుమ్ము కొట్టుకుపోయింది. ఆ కాలితోనే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. కుక్క వెళ్లి ఒళ్లో తల పెట్టింది. ఆవిడ దాని పక్కటెముకల మీద చెయ్యి వేసి నిమిరింది. నా వైపు చూడలేదు.

దీపం పెట్టింది. తిన్నది. నాలుగు ముద్దలు మిగిల్చి, పళ్లెంలోనే చెయ్యి కడిగి, ఆ నీళ్లూ అన్నమూ కలిపి కింద పెట్టింది. కుక్క పళ్లెం తిరగేసేదాకా వదల్లేదు.

నాకు కోపం ఆగలేదు. "మీ పాదం పోతుందమ్మా! కుక్క ఒక పూట తినకపోతే చస్తుందా?" అన్నాను.

"తింటలేదని నిజం జెప్తే, ఎట్ల పెట్టాల్నో నేను జెప్తుంటి గద బిడ్డా," అంది. "దవాఖానల్నే పండుకుంటుంటి గద."



ఆదివారం ఆవిడను మళ్లీ చేర్పించాం. షుగర్ ఎగబాకింది, ఆపరేషన్ బుధవారానికి పోయింది. ఈలోగా నేను నేల మీద కూర్చుని కుక్క ముందు తిని, పళ్లెంలో చెయ్యి కడిగి పెట్టాను. మొదటి పూటే తిన్నది. అంత తేలిక. ఆ తేలికకే నాకు మరీ మండింది.

ఒక్క వేలితో పోవాల్సింది మూడు వేళ్లు పోయాయి.

మూడు వారాల తర్వాత కుక్కను అప్పజెప్పడానికి వెళ్లాను. నా వల్లే ఇలా అయిందని చెప్పాను. "ముసలి కాలు, పోతే పోయినయ్ తీ," అంది. తర్వాత నన్ను సూటిగా చూసింది. "ఒక్కటి జెప్పు. ఎన్ని దినాలు ఉపాసముండె అది?"

ఒక్కరోజేనమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది.

"నాలుగు రోజులు," అన్నాను.

మూడు వేళ్లకు ఏడవని మనిషి, కుక్క మెడ మీద చెయ్యి వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.