తోడల్లుడి తొక్కల పొయ్యి

ముందే చెప్పేస్తున్నాను, నేను చీమను చూసి ఏనుగని రాసే మనిషిని. ఇందులో సగం తీసేసి చదువుకోండి. మిగిలిన సగంలో నా కుళ్ళు మాత్రం అచ్చమైనది.

మా ఆవిడ చెల్లెలి భర్తది కర్మన్‌ఘాట్. ఎల్బీనగర్‌లో ఓ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. చిప్స్ కొట్టువాళ్ళు పారేసే బంగాళాదుంప తొక్కల్ని ఉడకబెట్టి, వాటిలోని పిండిని చక్కెరగా మార్చి, ఈస్ట్ వేసి పులియబెట్టి, కాలేజీ ల్యాబులో బట్టీ పెట్టి ఇథనాల్, అంటే మండే స్పిరిట్, తీశాడు. ఓ ఆదివారం దాన్ని చిన్న స్టవ్వులో పోసి, మా అత్తగారి ఎదుటే వెలిగించి టీ కాచాడు. ఆ నీలి మంట మలక్‌పేట దాకా కనిపించి ఉంటుంది.

“చెత్తతో టీ పెట్టాడమ్మా మా చిన్నల్లుడు!” అని ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ అంతా చాటింపు వేశారు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో మొదటి గ్లాసు, మొదటి విస్తరి, మొదటి పొగడ్త పెద్దల్లుడినైన నావి. ఆ రోజు టీ నాకు ఆఖర్న వచ్చింది, అదీ చల్లారిపోయి.

మర్నాడే బస్తాడు తొక్కలు తెచ్చాను. ఉడకబెట్టి, ఈస్ట్ కలిపి, మా ఆవిడ ఆవకాయ జాడీలోకి ఎత్తాను. మా కోస్తా ఇళ్ళల్లో జాడీలో ఏది ఊరేసినా ఉప్పు పడాల్సిందే. చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బాలోకి పోయింది. గుప్పెళ్ళకు గుప్పెళ్ళు పోసి వాసెన కట్టాను.

వారం పోయాక, జాడీని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కర్మన్‌ఘాట్, వాళ్ళింటికి వెళ్ళాను. నా ప్రతాపం చూడమని అత్తగారినీ వెంటబెట్టుకెళ్ళాను. తోడల్లుడు వాసన చూసి, వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు.

“అన్నా, ఉప్పేసినవా ఏంది?”

“వెయ్యకపోతే పాడైపోదూ?”

“పాడైతెనే గదనే స్పిరిట్ అయ్యేది! గింత ఉప్పుల ఈస్ట్ ఎట్ల బతుకుతది? గిది అంటుకోదు, నంజుకోవాలె.”

అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. “పోనీలెండి బాబూ, ఆవపిండీ కారం కలిపితే అన్నంలోకి వస్తుంది” అంటూ కలిపేశారు. ఓ ముద్ద తిని, “ఆహా!” అని, మారు వడ్డించుకున్నారు.

మలక్‌పేట మంటా, బస్తా తొక్కలూ కాస్త సాగదీసినవే. శుద్ధ అబద్ధం మాత్రం ఆ ‘ఆహా’, ఆ మారు వడ్డన. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకున్నారు, నా వంక చూశారు, కష్టపడి మింగారు. మారు అడిగింది, ఆ తర్వాత చిన్నల్లుడు తన స్పిరిట్ స్టవ్వు మీద కాచిన టీ. ఆ గ్లాసు అందించింది నేనే.