గుడ్డపేలిక కట్టిన సొరకాయ

మా పక్క క్వార్టర్ అత్త పోయిందని విశాఖ ఆసుపత్రి నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. పాలు పొంగి గట్టంతా పారాయి. కట్టేయాలన్న ధ్యాస కూడా లేకపోయింది. అటునుంచి అటే సొంతూరు తీసుకెళ్ళి భూస్థాపన చేస్తామన్నాడు. నేను నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని స్టేషనుకు పరుగెత్తాను. అడవిలో ఏదో గొడవట, ప్యాసింజరు దంతెవాడ దాకానే వచ్చి వెనక్కి తిరిగిపోతోందట. బస్సు పట్టుకుని వెళ్ళేలోగా అదీ వెళ్ళిపోతుందన్నారు. ఇన్నేళ్ళు గోడకు గోడ ఆనుకుని బతికి, ఆఖరికి ఆవిడ మొహం చూసుకోలేకపోయాను. సంచి తెచ్చి గుమ్మం పక్కన పడేశాను. చాలా రోజులు దాన్ని విప్పబుద్ధి కాలేదు.

అప్పట్నుంచి నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. అంట్లు తోముతూ మధ్యలో వదిలేసి పెరట్లోకి వెళ్తాను. ఎందుకు వెళ్ళానో తెలీక తిరిగొస్తాను. ఇది రాయడానికి కూర్చుని ఎన్నిసార్లు లేచానో మీకు చెప్తే నవ్వుతారు. మామూలు రోజుల్లోనే నాది నిలకడ లేని ఒళ్ళు. ఆదివారం పాస్టరుగారి ప్రసంగం కాస్త సాగితే చాలు, మందిరంలో నా చూపు గుమ్మం వైపు పోతుంది. అది కనిపెట్టే అత్త ఎప్పుడూ నా పక్కనే కూర్చునేది. నేను లేవబోతే నా కొంగు పట్టి లాగేది.

"ఎక్కడికే? కూకో. కూరేటి పారిపోద్దా?" అనేది.

అత్త అంటే చుట్టరికం కాదు. మాది కిరందుల్, దంతెవాడ దాటాక రైలుపట్టాలు ఆగిపోయే ఆఖరి స్టేషను. కొండ మీద తవ్విన ఇనుపరాయి ఇక్కడ గూడ్సుబండి ఎక్కి విశాఖ పోతుంది. ఆ బండ్లు నడపడానికీ, పట్టాలు చూడడానికీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి పాతుకుపోయిన రైల్వే కుటుంబాలం మేము. మాకో తెలుగు సంఘం, ఓ రేకుల మందిరం ఉన్నాయి. అత్త భర్త గ్యాంగ్‌మన్. ఆయన పోయాక ఉద్యోగం కొడుక్కి వచ్చింది, క్వార్టరూ మిగిలింది. నేను కొత్త కోడలిగా ఈ లైనులో దిగిన రోజున, కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఏడుస్తుంటే, "ఓలమ్మా, ఏటే ఈ ఏడుపు? ముందు నీల్లట్టుకో, కుళాయి కట్టెస్తాడు. తరవాత ఇద్దరం కలిసి ఏడుద్దాం" అన్న మనిషి ఆవిడ. అలా అత్త అయింది.

జీతం రాగానే కొడుకు చేత దశమభాగం తీయించేది. ఉప్పూ పప్పూ కూడా దాని తర్వాతే. ఒకసారి ఆ అబ్బాయి మందిరానికి ఇవ్వాల్సింది ఇచ్చేసి, నేరుగా దుకాణానికి పోయి కొత్త మోటార్‌సైకిలుకు బయానా కట్టి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. గోడ ఇవతల నుంచి నేను అంతా విన్నాను. వినకుండా ఉండడానికి అవి ఏమన్నా గోడలా!

"దేవుడిది దేవుడికి ఇచ్చేశానమ్మా. ఇంక మిగతాది నా ఇష్టం" అన్నాడు.

"పదో వంతు ఇచ్చేవు, బాగుంది. ఆ తొమ్మిదొంతులూ నీవని ఎవులు సెప్పేర్రా నీకు? వాటికీ నువ్వు కావిలోడివే. కావిలోడు సొమ్మేసుకుని ఊరేగుతాడేట్రా?"

బండి కొననిచ్చింది. కానీ తాళం తన బొడ్లో దోపుకుంది. మా లైనులో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరికి నొప్పులొచ్చినా ఆ బండే ఆసుపత్రికి పరుగెత్తేది. పాపం ఆ అబ్బాయి పెళ్ళాన్ని వెనకెక్కించుకుని సరదాగా తిరిగింది మాత్రం నేనెరగను.

ఇక ఆవిడ సొరపాదు సంగతి. ఏటా తొలకరికి క్వార్టర్ కంచె మీదికి ఒక్క పాదు పాకించేది. మా దగ్గర ఎర్రదుమ్ము ఉతికిన బట్టల మీదే ఆగదు, అన్నంలోకీ వస్తుంది. అత్త పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని సొరాకులు ఒక్కొక్కటే తుడిచేది. "నీకేమైనా పిచ్చా అత్తా?" అంటే, "దానికి మాత్రం ఊపిరాడొద్దేటే?" అనేది. మొదటి పిందె నిలవగానే తొడిమకు తెల్ల గుడ్డపేలిక కట్టేది. అంటే అది కోతకాల పండుగకు మందిరానికి పోయే కాయ. ఇక దాని జోలికి ఎవరూ పోకూడదు. ఇంట్లో కూరకు ఏమీ లేకపోయినా సరే, పచ్చడి మెతుకులు తినేవారు గానీ ఆ కాయ మీద కత్తి పడేది కాదు.

మా పండుగ గురించి తెలియని వాళ్ళకు చెప్పాలి. ఆ ఆదివారం ఎవరికి చేతనైన ప్రథమ ఫలం వాళ్ళు తెచ్చి ముందు బల్ల మీద పెడతారు. గుమ్మడికాయలు, గుడ్లు, వడ్లు, కోడిపుంజు, జంతికలు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట. సంఘం సెక్రటరీగారు ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తారు, మేం పాడతాం, వచ్చిన డబ్బు సంఘానికి. పాట మంచి ఊపు మీద సాగుతుంది గానీ మహా ఆలస్యం. నాకు ప్రాణం పోయేది. అత్తేమో నా కొంగు వేళ్ళకు చుట్టుకుని మరీ కూర్చునేది.

ఆవిడ పాటకు ఒకటే పద్ధతి. నిగనిగలాడే వాటి జోలికి పోదు. ఎవరూ నోరెత్తని సరుకు బల్ల మీద ఉందనుకోండి, గిడసబారిన కాకరకాయో, వడిలిన తోటకూరో, సెక్రటరీగారు దాన్ని ఎత్తీ ఎత్తకముందే "ఇరవై!" అని అరిచేది. ఆ కేకతో పక్కవాళ్ళకూ ఊపొచ్చేది. రాకపోతే ఆ సరుకు ఆవిడ సంచిలోకి పోయేది. ఒక ఏడాది అలాగే ఒక బక్క పుంజు వచ్చింది. దానికి తెల్లవారడమంటే ఏమిటో తెలియదు. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న డ్రైవర్లు మిట్టమధ్యాహ్నం దాని కూతకు లేచి కిటికీల్లోంచి అత్తను తిట్టేవాళ్ళు. "నన్నంటారేటి? దాన్నే అడగండి" అని నవ్వేది.

"ఎందుకత్తా పనికిరానివన్నీ నెత్తినేసుకుంటావు?" అని ఓసారి విసుక్కున్నాను.

"సరుకుని సూడకే. తెచ్చినోల్ల మొకం సూడు. నానూ తెచ్చేను ఒకప్పుడు" అంది.

ఆ మాట నాకు అర్థమైంది మరైగూడ ముత్తమ్మ వచ్చిన ఏడాది. మరైగూడ ఇక్కడికి చాలా దూరం, కోంటా వైపు, తెలుగు నేల పొలిమేరలో. ముత్తమ్మ పెనిమిటి ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు దగ్గర, లోడింగులో రోజుకూలీకి వచ్చాడు. ఆ పండుగకు ఆమె ఒక చిబ్బిలో, అంటే వెదురు తట్టలో, ఎండబెట్టిన ఇప్పపువ్వు తెచ్చి, మా గుమ్మడికాయల పక్కన పెట్టి, వెనక్కి వెళ్ళి తల మీద ముసుగేసుకుని కూర్చుంది. ఇప్పపువ్వు వాసన దాచితే దాగేది కాదు. మందిరమంతా గుసగుసలు. మా వాళ్ళలో తాగుడుకు బలై సంసారాలు గుల్లయినవాళ్ళు తక్కువేం కాదు. సెక్రటరీగారి మొహం మాడిపోయింది.

"అమ్మా, ఇది సారా కాసే పువ్వు. దేవుడి బల్ల మీద ఎలా పెడతామమ్మా?"

ముత్తమ్మ లేచి నిలబడింది. "ఇది ఏంది సారూ, గిట్లంటరు? మేం తినేదే గదా. చింతగింజలేసి ఉడకబెట్టి పిల్లలకు పెడతం. మాకు ఏడాదిల మొదాల చేతికొచ్చేది ఇదే. ఇంక మొదటిదంటే ఏం తేవాలె?"

ఆ అమ్మాయి కళ్ళు బల్ల మీది చిబ్బి మీదే ఉన్నాయి. వెళ్ళి తీసేసుకోవాలా, నిలబడాలా తెలియక చేతులు నలుపుకుంటోంది. అప్పుడు నా పక్క నుంచి వచ్చింది కేక.

"ఇరవై!"

"అమ్మా, మీరు ఆగండి" అన్నారు సెక్రటరీగారు.

"నానెందుకు ఆగాల? పువ్వు దేవుడు సేసేడు. సారా మనిసి కాసేడు. కాసినోన్ని బయటెట్టండి, పువ్వునెందుకు?"

అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నారు. పాట సాగింది. చివరికి చిబ్బి అత్తకే దక్కింది. దాంతో ఏం చేయాలో ఆవిడకు మాత్రం ఏం తెలుసు! సాయంత్రమే ముత్తమ్మ గదికి పోయి, వేయించి, నువ్వులు కలిపి దంచి ఉండలు కట్టడం నేర్చుకుంది. మరుసటి ఆదివారం ఆ ఉండలు మందిరంలో పంచింది. సెక్రటరీగారు రెండు తిన్నారు. తినడం నేను చూశాను.

ఈ ఏడాది ఆ సెక్రటరీగారే, అత్త ఆసుపత్రికి వెళ్ళే ముందు, సంఘం కూటంలో లేచి వేలంపాట ఆపేద్దామన్నారు. గొంతు పోతోందట, పొద్దుపోతోందట. కానుకలు కవర్లలో పెట్టి ఇవ్వొచ్చు, ఫోన్లో పంపొచ్చు, అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా అన్నారు. నిజం చెప్తున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త మాత్రం గోడ పట్టుకుని లేచింది. అప్పటికే మనిషి సగమైంది.

"ఫోన్లో ఇప్పపువ్వు ఎల్తాదేటి బాబూ? డబ్బున్నోల్లే కానుక ఇవ్వాలని రాసెయ్యండి, సరిపోద్ది."

వాదన చాలాసేపు జరిగింది. చివరికి అయ్యగారు తేల్చారు. ఈ ఒక్క ఏడాదీ పెడదాం, పాడేవాళ్ళు లేక చతికిలబడితే ఇదే ఆఖరు అన్నారు. ఇంటికొస్తూ దారిలో అత్త నా కొంగు పట్టుకుని ఆపింది.

"నాను రాకపోతే, ఎవులూ పాడందానికి మొదటి పాట నువ్వే పాడాల."

"నావల్ల కాదు. అంతసేపు నేను కూర్చోలేనని నీకు తెలుసు కదా" అన్నాను.

"కూకోలేకపోతే నిలబడి పాడు."

ఆ మాటే ఆవిడ పోయినప్పట్నుంచి నన్ను ఇల్లంతా తిప్పుతోంది.

పండుగ రోజు నేను నిలబడే పాడాను. వడిలిన వంకాయలకు పాడాను, పగుళ్ళిచ్చిన గుడ్లకు పాడాను. గొంతు పెగలక కీచుగా వచ్చింది, పిల్లలు నవ్వారు, పెద్దవాళ్ళు పాట పెంచారు. బాగానే సాగుతోంది అనుకుంటుండగా సెక్రటరీగారు ఆఖరి సరుకు ఎత్తారు. అత్త సొరకాయ. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, పోయాక కూడా, పేలిక కట్టిన కాయను కోసే ధైర్యం కోడలికి లేకపోయింది. ఆ ఉదయమే కొడుకు కోసుకొచ్చాడు. ముదిరిపోయి చెక్కలా గట్టిపడింది. ఆకులు తుడిచే చేయి లేక, ఒళ్ళంతా ఎర్రదుమ్ము పట్టి ఉంది. తొడిమకు పేలిక అలాగే వేలాడుతోంది.

సెక్రటరీగారు కాయను ఎత్తి పట్టుకుని అందరి వైపూ చూశారు. ఆ కాయ కూరకు పనికిరాదు. పైగా దానికి రేటు కట్టడానికి ఎవరికి నోరొస్తుంది? నేను నోరు తెరిచాను. అన్నిటికీ పాడి, ఆవిడ కాయ దగ్గరకొచ్చేసరికి ఇరవై అనలేకపోయాను. చేయి కొంగు కోసం వెతుక్కుంది. దాన్ని పట్టుకునేవాళ్ళెవరూ లేరు. సెక్రటరీగారు కాయను మెల్లగా బల్ల మీదికి దించబోయారు.

"ఇరవై!"

వెనక వరుస నుంచి వచ్చింది కేక. ముత్తమ్మ. ముసుగు జారిపోయినా చూసుకోలేదు. "ఇరవై అంటున్న సారూ. దించకండి!"

అంతే, మందిరం ఒక్కసారిగా లేచింది. డ్రైవర్లు పాడారు, గార్డులు పాడారు, పుంజు కూతకు తిట్టినవాళ్ళు కూడా పాడారు. నాకూ గొంతొచ్చింది. అందరి మీదా ముత్తమ్మ పెంచుకుంటూనే పోయింది. పెనిమిటి చేయి పట్టి ఆపబోతే విదిలించుకుంది. చివరికి మేమే ఆగిపోయాం. సెక్రటరీగారు మూడోసారి చెప్పి, కాయ ఆమె చేతిలో పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ అయ్యగారితో అన్నారు: "వచ్చే ఏడాదికైనా ఒక మైకు కొందామండీ. నా గొంతు పోతోంది."

బయటికొచ్చాక ముత్తమ్మను పట్టుకున్నాను. "ముదురు కాయ, ఏం చేసుకుంటావే?"

"కూరకు గాదక్కా, నీళ్ళ బుర్రకు. ముదిరిందే మంచిది. నీడకు ఎండబెట్టాలె. లోపల గింజలు గలగలమన్నంక మూతి కోసి అవి తీస్త. మా దిక్కు చేనుకు పోయేటోళ్ళ భుజానికి ఇదే ఉంటది."

"గింజలో?"

"నీకే ఇస్త. ఇంకెవలకిస్త?"

ఇప్పుడా కాయ ముత్తమ్మ గది చూరుకు వేలాడుతోంది. పేలిక తీయనివ్వలేదు నేను. సాయంత్రం కాగానే నా కాళ్ళు అటే లాక్కుపోతాయి. నిన్నా వెళ్ళాను. దించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు లేదు. ఇంకోసారి గట్టిగా ఊపాను.

"కూసో అక్కా. ఇంక శానా దినాలు పడతది" అంది ముత్తమ్మ లోపల్నుంచి.

కాయను మళ్ళీ తగిలించి మెట్టు మీద కూర్చున్నాను. రాయి నింపుకున్న గూడ్సుబండి కదిలింది. రేకులు అదిరాయి, చూరుకు కాయ ఊగడం మొదలుపెట్టింది. బండి ఎంత పొడుగో మీకు తెలియదు. అది పూర్తిగా పోయేదాకా నేను లేవకుండా చెవి అటే పెట్టి కూర్చున్నాను.