వీధి గుమ్మంలో తీసిన పుట్టు వెంట్రుకలు

మా పాప పుట్టు వెంట్రుకలు నేనే తీశాను. సింహాచలం కొండ ఎక్కలేదు, మేనమామ పక్కన లేడు, మంగలి కూడా లేడు. అప్పుడు నాకు ఏడో నెల. తల్లి కడుపుతో ఉండగా పిల్లకి పుట్టు వెంట్రుకలు తీస్తే కడుపులో బిడ్డకి ముప్పని మా వాళ్ళ నమ్మకం. ఈ సంగతి మా వీధిలో పదేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఎవరు చెప్పినా అందులో నేనొక మొండి మనిషిని, చేతిలో కత్తెర, అంతే. ముప్పై అయిదేళ్ళు దాటాక మా పేట కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి పెట్టిన తరగతికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. ఇన్నాళ్ళూ విన్నాను. ఇప్పుడు నేను చెబుతాను.

మావి ఆనందపురం అవతల పల్లెలు. మా ఆయనకి పోర్టులో కాంట్రాక్టు పని, ఓడల్లోంచి దిగిన సరుకు మోయించే చోట. నేను ఫిషింగ్ హార్బర్ పక్కన రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళేదాన్ని. పాతూరులో రెండు గదుల అద్దె ఇల్లు. మా అత్త మాతోనే ఉండేది. గాలి రేవు వైపు నుంచి తిరిగిందంటే పొద్దున్న కడిగిన గుమ్మం మీద మధ్యాహ్నానికి పాదాల గుర్తులు పడేంత నల్ల బొగ్గు నుసి ఉండేది. దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు, మళ్ళీ కడుక్కునేవాళ్ళం.

పాపకి అప్పటికి రెండున్నరేళ్ళు. ఏడాది లోపే తీయాల్సిన జుట్టు అది. ఆ ఏడాదే మా మామ పోయాడు, ఇంట్లో శుభం చేయకూడదన్నారు. ఏడాది తిరిగాక నాకు కడుపొచ్చింది, మూడో నెలలో పోయింది. తేరుకునేసరికి మళ్ళీ వచ్చింది. అలా ఆ జుట్టు ఒత్తుగా, ఉంగరాలుగా, పిల్ల వీపు దాకా పెరిగిపోయింది. చూసినవాళ్ళందరూ ముద్దుగా ఉందనేవారు. దువ్వేది నేను.

ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే ముందు నడుమే గుర్తొస్తుంది. పిల్ల నడిచేది కాదు. నడవడం వచ్చు, నాతో వస్తే మాత్రం నడవదు. షెడ్డుకి తెల్లవారకముందే బయల్దేరాలి. ఎడమ పక్కన పిల్ల, ముందు కడుపు, కుడి చేతిలో అన్నం క్యారేజీ. అక్కడ చేపల ట్రే ఒకటి కడిగి, గోనె సంచి పరిచి, దాన్ని పడుకోబెట్టి, నేను ఐసు నీళ్ళలో చేతులు పెట్టేదాన్ని. గంటకోసారి లేచి ఒళ్ళోకి ఎక్కేది. ఒళ్ళో చోటు ఎక్కడుంది? కడుపు మీద అరచేత్తో కొట్టి, లోపలివాడితో, "జరుగు" అనేది. షెడ్డులో ఆడవాళ్ళు నవ్వీ నవ్వీ దానిచేత మళ్ళీ మళ్ళీ అనిపించేవారు. నాకు మాత్రం ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందోనని భయం. ఒకటి పోగొట్టుకున్నదాన్ని.

వైశాఖం వచ్చింది. సముద్రం పక్కనున్నా ఆ నెలలో గాలి ఆడదు, ఉక్కపోత. పాప తలలో సెగ్గడ్డలు లేచాయి. మొదట రెండు, మెడ వెనక. మా అత్త వేపాకు, పసుపు నూరి పట్టు వేసింది. ఆ జుట్టులో మందు చర్మం దాకా వెళితేగా? వారం తిరిగేసరికి తలంతా పాకాయి. ఒకటి పగిలితే పక్కన మరొకటి. చీము కట్టి జుట్టు అట్టలు కట్టింది. నుసి, చెమట, పేలు అన్నీ అందులోనే. ఈగలు పిల్లని వదలలేదు. షెడ్డుకి తీసుకెళ్ళడం మానేశాను, రొయ్యల దగ్గర ఈగలు ఇంకా ఎక్కువ. జ్వరం రావడం, తగ్గడం, మళ్ళీ రావడం. మూడోసారి వచ్చినప్పుడు వార్డు ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ జుట్టు పాయలు విడదీసి చూసి, ముందు ఈ జుట్టు తీయించు, తరవాతే మందు, లేకపోతే చీము లోపలికి దిగుతుంది అంది. ఆయింటుమెంటు, సిరప్పు రాసిచ్చింది. ఎన్నాళ్ళలో తీయించాలని అడిగాను. ఈరోజే అంది.

ఇంటికి వచ్చి చెప్పాను. మా అత్త ఒప్పుకోలేదు. గొడవ చేయలేదు, చేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. చేతిలో చేట పక్కన పెట్టి నెమ్మదిగా అంది.

"ఒకటి పోనాది. ఆ గుడ్డలు నానే ఉతికినాను. ఇదీ పోతే నాను ఉతకలేను."

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. అమ్మ చెప్పిందిగా, రెండు నెలలు ఆగితే పురుడైపోతుంది, అప్పుడు కొండకే వెళదామన్నాడు. రెండు నెలలు ఆ తలని ఎవరు మోస్తారని అడిగాను. అన్నం ముందు ఆ మాటలేంటన్నాడు. ఆనందపురంలో పూల వ్యాపారం చేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను. మేనమామ వచ్చి మొదటి కత్తెర వేస్తే అత్తకి కొంత నోరు కట్టినట్టు ఉంటుందని నా ఆశ. వాడి పక్కన పూల బుట్టల వేలం పాట వినబడుతోంది. "అక్కా, నా సేత్తో ఒద్దే. రేపేటైనా అయితే నా సేతికి సుట్టుకుంటాది" అన్నాడు. వాడికి పెళ్ళై ఆరు నెలలు. వాడి మీద కోపం ఉంచుకోలేదు. ఆ రోజు మాత్రం ఉంది.

మర్నాడు పిల్లని వీధి చివర సెలూన్‌కి తీసుకెళ్ళాను. అతను పిల్ల తల చూశాడు, నా కడుపు చూశాడు. పుట్టు వెంట్రుకలా అని అడిగాడు. అవునన్నాను. కత్తి మళ్ళీ సొరుగులో పెట్టేశాడు. "నాకూ పిల్లలున్నారమ్మా" అన్నాడు. ఎవరి పిల్లల్ని వాళ్ళు కాపాడుకుంటున్నారు. నా పిల్లని కాపాడటానికి ఆ వీధిలో నేనొక్కదాన్నే మిగిలాను.

మూడో రోజు పొద్దున్న పాప లేవబోతే తలగడ కూడా తలతో లేచింది. చీముకి అంటుకుపోయింది. నీళ్ళతో తడిపి తడిపి విడదీశాను. అది అరవలేదు. మూడు రోజులు అరిచిన పిల్ల ఆ రోజు అరవలేదు, నా మొహం చూస్తూ ఉండిపోయింది. అది చూసి భయం వేసింది నాకు.

కత్తెర గిన్నెలో వేసి నీళ్ళు మరిగించాను. పీట తీసుకెళ్ళి వీధి గుమ్మంలో వేశాను. వెనక గదిలో తలుపేసుకుని చేసుకోవచ్చు, అలా చేస్తే తప్పు చేసినట్టు అవుతుంది. పది గంటల వేళ, కుళాయి దగ్గర నాలుగిళ్ళ ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. చూస్తే చూడనీ అనుకున్నాను. కొండ మీది అప్పన్నకి మనసులో ఒకే మాట చెప్పుకున్నాను: జుట్టు నీదే, పిల్ల నాది.

మొదటి పాయ తెగింది. మా అత్త లోపల గోడ వైపు తిరిగి కూర్చుంది. కుళాయి దగ్గర నుంచి ఒకామె, ఇదేం మనిషమ్మా, కడుపులో ఉన్నది బిడ్డ కాదా అంది, నాకు వినబడేలాగే. ఇక్కడున్నది కూడా బిడ్డే అన్నాను, తల ఎత్తకుండా. రెండో పాయకి పుండు కదిలింది. పాప కేకపెట్టి కాళ్ళు ఝాడించింది. ఆ తన్ను సరిగ్గా నా కడుపు మీద పడింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ తన్నింది. ఒక చేత్తో తల, ఒక చేత్తో కత్తెర, కాళ్ళకి మూడో చెయ్యి కావాలి.

అప్పుడు మా అత్త లేచి వచ్చింది.

"కడుపు మీద తంతంది. ఇలాగియ్యి దాన్ని."

పీట మీద తను కూర్చుని, పిల్లని ఒళ్ళో వేసుకుని, రెండు కాళ్ళూ తన మోకాళ్ళ మధ్య బిగించి, చేతులు పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పుట్టు వెంట్రుకలు నేల మీద పడకూడదంటారు. ఆమె కొంగు పరిచి ఉంచింది, కళ్ళు తెరవకుండానే. పడినవన్నీ అందులోనే పడ్డాయి. నేను కోసుకుంటూ పోయాను. మంగలి చేసినట్టు నున్నగా రాలేదు, గట్లు గట్లుగా వచ్చింది. పుళ్ళన్నీ మాత్రం బయటపడ్డాయి. పదిహేడు వరకు లెక్కపెట్టి వదిలేశాను. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మందు రాశాను. పాప మా అత్త ఒళ్ళోనే నిద్రపోయింది. చాన్నాళ్ళ తరవాత ఈగ వాలని నిద్ర.

అయిదో రోజుకి జ్వరం లేదు. పుళ్ళు ఎండడం మొదలుపెట్టాయి. మా ఆయన పిల్ల గుండు నిమిరి, బిస్కెట్ పొట్లం తెచ్చిచ్చాడు.

నేను ధైర్యంగా ఉన్నానని రాస్తే అబద్ధం. ఆ రోజు నుంచి కడుపులో ప్రతి కదలికా చూసుకునేదాన్ని. షెడ్డులో రొయ్య ఒలుస్తూ చెయ్యి ఆపి, కదిలాక మళ్ళీ ఒలిచేదాన్ని. ఒక మధ్యాహ్నమంతా కదల్లేదు. చల్లటి నీళ్ళు తాగి, ఎడమ పక్కకి పడుకుని, పాపని పిలిచి కడుపు మీద కొట్టమన్నాను. "జరుగు" అంది. జరిగాడు.

ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. మా వైపు ఇంకో మాట ఉంది, ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ బతకడని. మగపిల్లాడు, పిడికెడంత. ఏడ్చాడు గానీ సన్నగా. వెంటనే తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టారు. నాకు చూపించింది ఒక్కసారే, ముక్కుకి గొట్టం ఉంది.

మా అత్త ఆసుపత్రి వరండాలో కూర్చుని వచ్చే పోయే ప్రతి ఆడమనిషికీ చెప్పడం మొదలుపెట్టింది. మా కోడలు పెద్దదానికి పుట్టు వెంట్రుకలు కోసేసింది, వద్దన్నా వినలేదు, చూడండి ఇప్పుడు. నా మంచం దాకా వినబడేది. పక్క మంచాల వాళ్ళు నా వైపు చూసి మొహం తిప్పుకునేవారు. నాలుగు రోజులు విన్నాను. అయిదో రోజు లేచి అడిగేద్దామనుకున్నాను, ఆ రోజు పిల్ల కాళ్ళు పట్టుకున్నదెవరని. నలుగురిలో అడగాలని మాట కూర్చుకుని పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆమే లోపలికి వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది. పొద్దుటి ఇడ్లీ పొట్లం అలాగే ఉంది చేతిలో, విప్పలేదు. నా వైపు చూడకుండా అంది.

"నాను పట్టుకోకపోతే నువ్వు కోసీదానివి కాదు. ఈ సేతుల్తోటే పట్టుకున్నాను."

వరండాలో నాలుగు రోజులు ఆమె ఎవరి నుంచి పారిపోయి నా పేరు చెబుతోందో అప్పుడు తెలిసింది. నేను కూర్చుకున్న మాట వదిలేశాను. వేరే మాట వచ్చింది.

"నువ్వు పట్టుకోనేదత్తా. నానొక్కదాన్నే కోసినాను. ఎవులడిగినా అదే సెప్పు. ఆడికేటైనా అయితే నామీదెట్టు."

తప్పు చేశానని ఆ మాట అనలేదు. ఆ తల మళ్ళీ అలా చీము పట్టి నా ముందుకొస్తే మళ్ళీ కోస్తాను. కాకపోతే ఆమె ఆ బరువుతో తిండి మానేసింది, నేను మానలేదు. మోయగలిగినదాన్ని నేను. ఆమె పొట్లం విప్పి, సగం నాకిచ్చి, సగం తింది.

పదకొండో రోజున పిల్లాణ్ణి పెట్టెలోంచి తీసి నా ఒళ్ళో పెట్టారు. పాప వచ్చి వాణ్ణి చూసి, నా కడుపు మీద చెయ్యేసి వెతుక్కుంది, ఇంకా లోపల ఎవరైనా ఉన్నారేమోనని.

అప్పటి నుంచీ కథ మా అత్త చేతులు లేకుండానే తిరిగింది. నేను అన్నట్టే. వాడికి జలుబు చేసినా, బళ్ళో మార్కులు తగ్గినా, వీధిలో ఎవరో ఒకరు ఆ కత్తెర గుర్తు చేస్తారు. మొన్న పక్కింటావిడ వాడి ఎదురుగానే చెప్పింది. వాడు నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నువ్వు అక్క జుట్టు కోసీబట్టి నాను ముందే పుట్టీసానా?"

"కోసినాను. నువ్వు ముందే పుట్టినావు. దానికీ దీనికీ సంబంధం నేదు."

"ఇంకోసారైతే?"

"కోత్తాను. నీ తలకే పుళ్ళు పట్టి, అక్క కడుపులో ఉన్నా కోత్తాను."

వాడికి అక్కని కడుపులో ఊహించుకోవడం బాగా నచ్చింది. నవ్వుకుంటూ దాన్ని ఏడిపించడానికి పోయాడు.

ఇది రాయడానికి ముందు మా అత్తని అడిగాను. ఆమెకి చదవడం రాదు, రాసేసినా తెలియదు, అయినా మాట ఇచ్చింది నేను. చింతపండులో గింజలు తీస్తోంది. ఆ రోజు సంగతి రాస్తున్నానని, నువ్వు పిల్ల కాళ్ళు పట్టుకున్నావని కూడా రాయనా అని అడిగాను. గింజలు తీయడం ఆపలేదు. వద్దంటుందనుకున్నాను.

"కాళ్ళొకటేనేటి? సేతులు ఎవులు పట్టుకున్నారు? కొంగు ఎవులట్టినారు? రాత్తే అంతా రాయి."