సోమవారం రమ్మన్నాను

ఏడేళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా భర్తకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా దాని పక్కనుంచి తప్పుకుపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను కౌన్సిలర్ని. కాంట్రాక్టు ఉద్యోగం. అప్పట్లో మణుగూరు దాటాక అడవి అంచున ఒక చిన్న ఊళ్లో పనిచేసేదాన్ని. అత్యాచారానికి, దెబ్బలకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వ నిధులతో నడిచే సహాయ కేంద్రం అది. రెండు గదులు, ఒక మంచం, నేను, ఒక ఆయా. వచ్చినామె పేరు రిజిస్టరులో రాసుకోవాలి, దవాఖానాకు తీసుకెళ్లాలి, పోలీసులతో మాట్లాడాలి, ఇంటికి పోలేకపోతే కొన్నాళ్లు అక్కడే ఉంచుకోవాలి. ఇదంతా నా పనే.

ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు. చెల్లెలిని ముత్తమ్మ అంటాను. అసలు పేరు అది కాదు. కోయ గూడెం నుంచి రోడ్డు దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కి వచ్చారు. ముత్తమ్మకు పాతికేళ్లుంటాయి. తెలుగు రాదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. జరిగింది అక్క చెప్పింది, వచ్చిన కాస్త తెలుగులో, నాలుగు ముక్కల్లో. చేసినవాడు మిరప కోతకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ.

ఆ సాయంత్రం కుసుమంచిలో మా చెల్లెలి నిశ్చితార్థం. రెండు గంటల బస్సు పోతే నేను అందుకోలేను. పేరు రాశానంటే డాక్టరమ్మ, స్టేషను, కాగితాలు, రాత్రి అవుతుంది. ఇదంతా నేను తెలియక చేయలేదు. గోడ గడియారం చూసి చేశాను.

"సోమవారం రండి. తెలుగు బాగా వచ్చినోళ్లను ఒకరిని తోలుకొని రండి," అన్నాను.

"సోమారం దాకా దీన్ని యాడ ఉంచాలె మేడం? వాడు మా ఊర్లనే ఉంటడు," అంది అక్క.

"మీ ఇంట్లో ఉంచుకో. రెండు రోజులే గదా."

"ఈడ మంచం ఉన్నది గద?"

"నేను లేకుంటే ఉంచరాదమ్మా. రూలు ఒప్పుకోదు."

అలాంటి రూలు లేదు. ఆయా ఉంటే చాలు. ఆయా తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె నా వైపు చూసింది.

అక్క ఆ మాటను తమ భాషలో ముత్తమ్మకు చెప్పింది. ముత్తమ్మ తల ఊపింది. ఒప్పుకున్నట్టు. ఇద్దరూ వెళ్లిపోయారు. నాకు బస్సు దొరికింది.

సోమవారం నేను వెళ్లలేదు. చుట్టాలు ఆపారు, నేనూ ఆగాను. మంగళవారం పోగానే ఆయా చెప్పింది: "నిన్న ఆ ఇద్దరొచ్చిండ్రు మేడం. పొద్దు గూకేదాక కూసున్నరు. రిజిస్టర్ల రాయాల్నా?"

"వద్దులే. మళ్లొస్తే రాద్దాం," అన్నాను.

రాస్తే శనివారం సంగతి బయటపడుతుందని నా భయం. వాళ్లు మళ్లీ రాలేదు. ఇంకెంతమందిని అలా పంపించాను? భాష తెలియదనో, తోడు ఎవరూ లేరనో పంపించినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. ఒక్కరి పేరూ రాయలేదు.

కొన్ని నెలలకు హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చారు. ఏ కేంద్రానికి నిధులు కొనసాగించాలో చూడడానికి. కోయ భాష తెలిసిన మనిషిని, ఒక బండిని ఇవ్వమని మా కేంద్రం నుంచి అంతకుముందు పంపిన కాగితం కూడా ఆమె చేతిలో ఉంది. రిజిస్టరు తిరగేసి, "గూడేల నుంచి ఎవరూ రారా?" అని అడిగారు.

"రారు మేడం. వాళ్ల పంచాయితీ వాళ్లే చేసుకుంటరు," అన్నాను.

అది విని ఆమె రాసుకున్నారు. నా మాటను ఆమె ఎందుకు అనుమానిస్తారు? అక్కడ పనిచేసేది నేనే కదా.

కేంద్రం మూతపడింది. ఆయా ఉద్యోగం పోయింది. నన్ను ఖమ్మానికి పంపారు, మా ఇంటికి దగ్గరగా. ఆ తర్వాత మీటింగుల్లో, అడవి ప్రాంతాల ఆడవాళ్లకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడం లేదని మైకు పట్టుకుని మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ డబ్బు ఆగడానికి నా నోటి మాట కూడా కారణమని వాళ్లలో ఎవరికి తెలుసు?

ఈ మధ్య ఆ కేంద్రాన్ని మళ్లీ తెరిచే ఆలోచన వచ్చింది. పాత లెక్కలు పంపమన్నారు. ఆ రిజిస్టరు చూస్తే ఎవరైనా ఏమంటారు? అక్కడ అవసరం లేదంటారు. మూడు రోజులు ఆలోచించి ఒక కాగితం రాసి జత చేశాను. గూడేల నుంచి ఆడవాళ్లు వచ్చారని, వాళ్లను నేనే వెనక్కి పంపానని, పేర్లు రాయలేదని. కింద సంతకం పెట్టాను. మా పై ఆఫీసరు చదివి, "ఇది నీకు అవసరమా?" అన్నారు. అవునన్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. కేంద్రం తెరుస్తారో లేదో అంతకన్నా తెలియదు.

ముత్తమ్మ ఎలా ఉందో కనుక్కోలేదు. నేను వెతుక్కుంటూ పోతే ఊళ్లో అందరికీ తెలిసి ఆమెకే కష్టమవుతుందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేదు. ఇది ఆ కాగితంలో రాయలేదు. ఇక్కడ రాశాను.