ఐదో ప్యాకేజీ

మా ఆఫీసులో ఆమెను పొట్లాలమ్మ అంటాం. ప్రోగ్రాములు రాసేవాళ్ల రాతను కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్‌ను ఐదు ఆపరేటింగ్ సిస్టం వెర్షన్లకు సరిపడేలా ఐదు ప్యాకేజీలుగా కట్టడం ఆమె పని. ఒకదానికి కట్టింది ఇంకొకదానిలో పనిచేయదు. ఐదో వెర్షన్ మరీ పాతకాలంది. దాని ప్యాకేజీని దించుకునే కంప్యూటర్ ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్కటి. "ఆపేద్దామండీ" అని మేనేజర్ అంటే కస్సుమనేది. ఆ మొండితనం చూసి మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆ ఒక్క కంప్యూటర్ చనిపోయిన ఆమె అన్నయ్యది. ఆయనా ఇదే పని చేసేవాడు. కొత్త ప్యాకేజీ రాగానే దానంతట అదే దించుకుని, పరీక్షించి, చెల్లెలికి మెయిల్ పంపేలా ఏర్పాటు చేసుకున్నాడు. మనిషి పోయి రెండేళ్లయినా వదిన ఆ పెట్టె ఆపలేదు. ప్యాకేజీ పెట్టిన గంటకల్లా అన్నయ్య పేరుతో మెయిల్ వచ్చేది: "అంతా బాగుంది చెల్లాయ్." ఆ ఒక్క ముక్క కోసం ఆమె కళ్లలో వత్తులు వేసుకుని కూర్చునేది.

ఈసారి కుదరలేదు. కొత్త కంపైలర్‌కు కావలసిన లైబ్రరీలు, అంటే అది ఆధారపడే తోడు ప్రోగ్రాములు, ఆ పాత సిస్టంలో లేనే లేవు. మూడు వారాలు నానా తంటాలు పడింది. మెయిల్ రాకపోతే అన్నయ్య రెండోసారి పోయినట్టేనని ఆమె భయం. చివరికి చేయకూడని పని చేసింది. పాత ప్యాకేజీకే కొత్త వెర్షన్ అంకె తగిలించి పెట్టేసింది.

గంటలో మెయిల్ వచ్చింది. చదివి బిగుసుకుపోయింది. పక్క సీటులో ఉన్న నన్ను చూడమంది.

"చెల్లాయ్, లోపల సరుకు పాతదే. అంకె మారిస్తే అన్నయ్య కనిపెట్టడనుకున్నావా? చిన్నప్పటి నుంచీ నీ దొంగవేషాలు నాకు తెలియనివా?"

నా ఒళ్లు జలదరించింది. ఆమె ఎప్పుడైనా ఇలా చేస్తే పట్టుకోవడానికి ఆయన బతికుండగానే రాసిపెట్టుకున్న పరీక్ష అది. ఇన్నేళ్లూ దాని అవసరం రాలేదు, అంతే. ఆ సంగతి తెలిసి కూడా కాసేపు వెనక్కి తిరిగి చూడడానికి భయపడ్డాను.

ఆమె ప్యాకేజీని వెనక్కి తీసేసింది. ఆ పాత వెర్షన్‌కు ఇక ప్యాకేజీలు రావని ప్రకటన పెట్టింది. తర్వాత వదినకు ఫోన్ చేసింది. నాకూ వినబడేలా ఫోన్ బల్లమీదే పెట్టి స్పీకర్‌లో మాట్లాడింది.

"వదినా, ఇక ఆ కంప్యూటర్ ఆపేయొచ్చు."

"అదేంటి, ఏమైంది?"

"తప్పు చేశాను వదినా. అన్నయ్య పట్టేసుకున్నాడు. మెయిల్లో తిట్టాడు."

"నీతో మాట్లాడుతున్నారా?" అంది వదిన. "రెండేళ్ల నుంచీ నేను ఆ కంప్యూటర్ ఉన్న గదిలోనే పడుకుంటున్నానమ్మా. నాకు దాని ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు."