కౌజును చంపింది జేజి కాదు

నా చిన్నప్పుడు మా మామ పెంచుకున్న కౌజు పిట్ట ఒకటి చచ్చిపోయింది. దాన్ని పక్కింటి జేజి, అంటే అవ్వ, చంపిందని మా బంధువులు నలభై ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నారు. పెళ్లిళ్లలో చెప్పుకుంటారు, దినాల్లో చెప్పుకుంటారు. చెప్పేవాడు జేజి నడకను, ఆమె నోటిదురుసును అనుకరిస్తాడు, వినేవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వుతారు. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. ఇది రాస్తున్నానని తెలిసి మావాళ్లు కొందరు ఇప్పటికే ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోనివ్వండి.

మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, రోడ్డు దిగి మైలు నడిస్తే వస్తుంది. నేను చెప్పేది డెబ్బైల చివరి మాట, నాకప్పుడు పదకొండేళ్లు. చుట్టూ నల్లరేగడి చేలు. తెల్లవారితే ఆ చేల నుంచి కౌజుల అరుపులు వినిపించేవి. కౌజు కోడిపెట్ట కన్నా చిన్నది, మట్టి రంగు పిట్ట. కంటబడడం అరుదు కానీ గొంతు అర మైలు పోతుంది. మగ కౌజు పొద్దున్నే అరుస్తోందంటే, ఈ చోటు నాది, ఇంకెవరూ రావద్దని చాటుతోందని అర్థం. అది విన్న ఇంకో మగది ఊరుకోదు. నా చోట్లో అరిచేదెవరని తన్నుకోవడానికి పరుగెత్తి వస్తుంది. వేటగాళ్లు ఈ కోపాన్నే వాడుకుంటారు. పెంచిన కౌజును చిన్న పంజరంలో పెట్టి చేలో ఉంచుతారు. పంజరం చుట్టూ ఉచ్చులు కట్టిన తాడు పరుస్తారు. లోపలిది అరుస్తుంది, బయటిది వస్తుంది, కాలో మెడో తగులుకుంటుంది.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఈ పనిలో పేరున్నవాడు. మా ఇంట్లోనే ఉంటూ మా సేద్యం చూసేవాడు. నన్ను భుజం మీద ఎక్కించుకుని తిరనాళ్లకు తీసుకుపోయిన మనిషి. అతనంటే నాకు ప్రాణం. అతని మెప్పు కోసం నేను చేయని పని లేదు. ఆదోనికి పోయినప్పుడల్లా జట్కాల దగ్గర నిలబడి గుర్రం తోక వెంట్రుకలు అడిగేవాణ్ణి. ఉచ్చుకు వాటిని మించినది లేదు. "మళ్లా వచ్చినావా? నా గుర్రానికి ఈగలు తోలుకోను తోక మిగిలిస్తావా లేదా?" అని జట్కా సాయిబు కసురుతూనే నాలుగు వెంట్రుకలు ఇచ్చేవాడు. వాటిని పేని, జారుముడి వేయడం మామ నేర్పాడు. ఏడాది తిరిగేసరికి నా ముడి మామ ముడికన్నా బాగా బిగిసేది.

ఆ కౌజును తెచ్చింది కూడా నేనే. జేజి చేలో, వానలకు పారే వంక పక్కన కంపల్లో గూడు చూసి, గుడ్లు తెచ్చి మామ చేతిలో పెట్టాను. మామ వాటిని పొదిగే కోడి కింద పెట్టాడు. నాలుగు పిల్లలైతే ఒకటి బతికింది. దానికి చెదలంటే ఇష్టం. పేడ తడిపి కుండలో కూరి, చెదపుట్ట దగ్గర బోర్లించి వస్తే పొద్దుటికి కుండ నిండా చెదలు పట్టేవి. నా అరచేతిలోనే ఏరుకుని తినేది. పంజరం జానెడు వెడల్పు. అందులో అది ముందుకు తిరిగి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు తిరిగేది. నన్ను చూసి సంతోషంతో ఆడుతోందని అనుకునేవాణ్ణి.

ఇక జేజి. వాళ్లు దూదేకులవాళ్లు. జేజి ఒంటరి ముసలిది. ఆదోని జిన్నింగు మిల్లుల్లో మిగిలిన తుక్కు పత్తిని తెచ్చి, ఏకి, పాత చీరల మధ్య పరిచి బొంతలు కుట్టేది. మా ఊళ్లో చలికాలం ఆమె బొంత కప్పుకోని ఇల్లు లేదు. వంక పక్కన ఆమెకు మూడెకరాల చేను ఉండేది. అందులో వంక పొడవునా ఒక పట్టె దున్నకుండా కంపలకు వదిలేసింది. "జేజి ఈ తూరి కంపల పంట బాగా దీసింది" అని ఎగతాళి చేసేవాళ్లు. "తీస్తా. నా కౌజులు మీ చేన్లో చెదను గూడా తింటాండాయి. కూలి అడిగినాయా ఎప్పుడన్నా?" అనేది జేజి.

మా కౌజుకు రెండో ఏడు వచ్చి గొంతు విప్పినాక, ఆ కంపల్లో మగ కౌజులు ఉన్నాయని మామకు చెప్పింది నేనే. రెండు పొద్దుల్లో రెండు తగులుకున్నాయి. మూడోనాడు జేజి చేలో ఈకలు చూసింది. ఇంటి మీదికి వచ్చి అరుస్తుందని అనుకున్నాం. రాలేదు. సాయంత్రం గోడ మీదుగా నన్ను పిలిచింది.

"రా కొడకా, ఒక ఆట ఆడదాం" అంది. పెరట్లో కోళ్లను కమ్మే పెద్ద గంప ఉండేది. దాని కింద దూరమంది. నవ్వుకుంటూ దూరాను. జేజి గంప మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. "ఇప్పుడు మీ చెల్లెల్ని పిలువు" అంది. ఆటే కదా అని గట్టిగా పిలిచాను. ఆరేళ్ల మా చెల్లెలు, నేను పిలిస్తే చాలు, తింటున్న ముద్ద వదిలేసి వచ్చేది. అట్లాగే పరుగెత్తుకొచ్చింది. జేజి తలుపు చాటు నుంచి వచ్చి దాని రెక్క గట్టిగా పట్టుకుంది. నవ్వలేదు, మాట్లాడలేదు, వదలలేదు. చెల్లెలు కాసేపు చూసి బెదిరిపోయి ఏడుపు అందుకుంది. గంప సందుల్లోంచి నాకు దాని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, మట్టిలో తన్నుకుంటున్నాయి. "ఇడువు జేజీ, దాన్ని ఇడువు!" అని అరిచాను. గంపను ఎత్తబోతే పొత్రం కదల్లేదు.

"పట్టుకున్యది నేను. పిలిచిందెవురు?" అంది జేజి.

చెల్లెలే ఏడుస్తూ అంది: "నువ్వు పిలిస్తేనే కదన్నా వచ్చినా!"

జేజి దాన్ని వదిలి బెల్లం గడ్డ చేతిలో పెట్టింది, పొత్రం దించింది. నేను బయటికి వచ్చి మోకాళ్ల మట్టి దులుపుకుంటుంటే మెల్లగా చెప్పింది. "నీ పిట్ట ఈ చోటు నాది అని అరుస్తాంది. దాని చోటు ఎంత? జానెడు. ఆ జానెడు కోసం, నిజంగా చోటు ఉన్న పిట్టలన్నీ సావల్లనా?"

మరునాడు తెల్లవారుతుండగా మామ నన్ను లేపాడు. జేజి కంపల్లో ఇంకొక్కటి మిగిలిందన్నాడు. నేను పంజరం మోసుకుపోయాను, ఎప్పటిలాగే చుట్టూ తాడు పరిచి ఉచ్చులు నిలబెట్టాను. మామ బీడీ కాల్చుకోవడానికి వంకలోకి దిగాడు. పొగ కనబడితే అడవిది రాదని అతని జాగ్రత్త. కౌజు అరిచింది. కంపల్లోంచి ఇంకోటి బదులిచ్చింది. నాకు చెల్లెలి కాళ్లు గుర్తొచ్చాయి. పంజరం తలుపు ఎత్తాను.

అది బయటికి రాలేదు. తెరిచిన తలుపు ముందు నిలబడి, ముందుకు తిరిగి, వెనక్కి తిరిగి, మళ్లీ అరిచింది. చేయి పెట్టి బయటికి తీసి, పో అని నేల మీద వదిలాను. నాలుగడుగులు వేసి ఆగింది. జానెడుకు మించిన నేల అది ఎన్నడూ చూడలేదు. అప్పుడే కంపల్లోంచి అడవిది దూసుకొచ్చి మీద పడింది. మాది తన్నుకోలేదు. తనకు తెలిసిన ఒకే ఒక్క చోటికి, పంజరానికి, వెనక్కి పరుగెత్తింది. తలుపు తీయాలన్న తొందరలో నేను ఉచ్చులు తీయడం మరిచిపోయాను. నా చేత్తో వేసిన ముడి, బాగా బిగిసే నా ముడి, దాని మెడకు పడింది. అడవిది మా పిట్టను వదిలేసి ఎగిరిపోయింది. నేను ముడి వదులు చేయాలని గోళ్లతో పీకాను. అది గింజుకున్నకొద్దీ ముడి బిగిసింది.

గట్టు మీద నుంచి జేజి వచ్చింది. నన్ను పక్కకు జరిపి, కొడవలితో వెంట్రుక కోసి పిట్టను చేతిలోకి తీసుకుంది. అప్పటికే అయిపోయింది. అలికిడికి మామ వంకలోంచి పైకొచ్చేసరికి చచ్చిన కౌజు జేజి చేతిలో ఉంది.

"ఎవుర్రా?" అన్నాడు మామ నన్ను చూసి.

నేను జేజి వైపు చేయి చూపించాను. నోటితో కూడా అన్నాను, "జేజి" అని.

"ముసిల్దానా! రెండేండ్లు పెంచిన పిట్టను సంపితివి కదే!" అని మామ ఊగిపోయాడు. జేజి ఒక్కసారి నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టు ఉంటే నాకు ఇంత కాలం ఇంత బరువు ఉండేది కాదు. మామ వైపు తిరిగి, నడుము మీద చేయి పెట్టుకుంది.

"ఔ, సంపినా. ఇంగోటి తెచ్చి పెట్టు, దాన్నీ సంపుతా. ఇది నా చేను. ఇంగ ఒక్క ఉచ్చు ఈడ కనపడితే నీ కాలు ఇరగ్గొడ్తా. పోయి యాడ చెప్పుకుంటావో చెప్పుకోపో!"

మామ ఊరంతా చెప్పుకున్నాడు. పెంపుడు పిట్ట మెడ విరిచిన ముసలిది అని ఆమెకు పేరు పడింది. మావాళ్లందరూ ఆమె దగ్గర బొంతలు కుట్టించడం మానేసి ఎమ్మిగనూరు నేత దుప్పట్లు తెచ్చుకున్నారు. ఆ చలికాలం జేజి ఇంట్లో పత్తి ఏకే చప్పుడు వినిపించలేదు. కానీ ఆమె బతికినన్నాళ్లూ ఆ చేలో ఎవరూ ఉచ్చు పెట్టలేదు. తెల్లవారితే ఆ కంపల్లో కౌజులు అరుస్తూనే ఉన్నాయి.

నేను నెలల తరబడి ఆమెకు ఎదురుపడకుండా తిరిగాను. ఒకరోజు బావి దగ్గర దొరికిపోయాను. "నువ్వే కదా ఇడిసింది?" అంది. తల ఊపాను. "మంచి పనే. ముందు ఉచ్చులు తీసి, ఆ మీదట తలుపు తియ్యల్ల కొడకా" అంది. అంతే. కడవ ఎత్తుకుని పోయింది. నిజం చెప్పమని నన్ను అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఎనభైల్లో ఆమె పోయింది. నేను ఆదోనిలో కాలేజీలో ఉండి, కబురు తెలిసి వచ్చాను. మట్టి వేసేటప్పుడు మామ కూడా ఒక పిడికెడు వేసి, "పిట్టను సంపిందనేగాని, మంచి ముసిల్దే" అన్నాడు. నా పిడికిట్లో కూడా మట్టి ఉంది. నాకప్పుడు పదకొండేళ్లు కావు, మీసాలు వచ్చాయి. అయినా నోరు తెరవలేదు. మొదటిది పిల్లవాడి భయం అనుకుందాం, ఈ రెండోదానికి పేరు మీరే పెట్టండి.

పోయిన ఏడు మామ చనిపోయాడు. దినం నాడు భోజనాలయ్యాక మామ కొడుకు ఆ పాత ఉచ్చుల తాడు తెచ్చి చూపిస్తూ జేజి కథ ఎత్తుకున్నాడు. నడుము మీద చేయి పెట్టి అనుకరించాడు. అందరూ నవ్వారు. నేను లేచి, కౌజును చంపింది జేజి కాదు, నేను అన్నాను. ముందు ఇంకా నవ్వారు. తర్వాత ఆగారు. "పోయినోళ్ల మాట ఇప్పుడెందుకులేప్పా" అని ఒక పెద్దాయన సర్దబోయాడు. "పోయినోళ్లకే కావల్ల పెద్దాయనా. బతికినోళ్లం మేం ఎట్లనో పేరు తెచ్చుకుంటాం" అన్నాను. మొత్తం చెప్పాను. మూలన కూర్చున్న మా చెల్లెలు, ఇప్పుడు దానికి మనవరాలు ఉంది, "గంప సంగతి చెప్పలేదు కదన్నా, అదీ చెప్పు" అంది. దానికి గుర్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. అదీ చెప్పాను.

తర్వాత ఆ తాడు తీసుకుపోయి, అన్నం వండిన పొయ్యిలో ఇంకా కణకణలాడుతున్న నిప్పుల్లో వేశాను. వెంట్రుకలు కాలిన కంపు ఇల్లంతా పట్టింది. "నాయన గుర్తు అది!" అని మామ కొడుకు నా మీదికి వచ్చాడు. నిజమే, అతని నాయన గుర్తే. ఆ ముడులు మాత్రం నావి. అతను ఇప్పటికీ నాతో మాట్లాడడు. నేను క్షమాపణ అడగలేదు, అడగను.

అడవి పిట్టను పంజరంలో పెట్టుకున్నవాళ్లు ఎవరైనా, మేం బాగా చూసుకుంటాం, వేళకు మేపుతాం అంటారు. నేనూ మేపాను. నా అంతగా మేపినవాడు మా తాలూకాలో ఉండడు. అరచేతిలో చెదలు పెట్టి మేపాను, అదే చేత్తో ముడి వేశాను. అందుకే ఆ మాట నా దగ్గర చెల్లదని ముఖం మీదే చెబుతాను. ఇంకొకటి కూడా నాతో మిగిలింది. ఎవరింటికి పోయినా, వసారాలో పంజరం కనబడితే అందరూ లోపలున్న పిట్టను చూస్తారు. నేను ముందు దాని చుట్టూ నేలను చూస్తాను.